లండన్ - పారిస్: బీడు నేల మీద మొదలైన కొలత

హీత్రూ విమానాశ్రయం ఉత్తరపు అంచున పోయే రోడ్డు పక్కన ఒక ఫిరంగిని నిలువునా పాతి పెట్టారు. మూతి ఆకాశం వైపు ఉంటుంది, మిగతాది నేలలో. బస్సుల్లో, టాక్సీల్లో రోజూ వేలమంది దాన్ని దాటుకుంటూ పోతారు. కంటపడినవాళ్ళు కూడా ఏదో యుద్ధానికి గుర్తు అనుకుంటారు. నిజానికి అది ఒక గీతకు ఈ చివర. ఆ చివర ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, హాంప్టన్‌లో ఇళ్ళ మధ్య, ఇలాంటిదే ఇంకో ఫిరంగి ఉంది. లండన్ నుంచి పారిస్‌కు దూరమెంత అన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు ఈ రెండు ఫిరంగుల మధ్య పుట్టింది.

ఇవాళ ఫోన్‌ని అడిగితే నేరుగా 344 కిలోమీటర్లు, విమానంలో గంటా ఇరవై నిమిషాలు అని టక్కున చెబుతుంది. నేను హీత్రూలో డిస్పాచర్‌ని. విమానం వచ్చి ఆగినప్పటి నుంచి మళ్ళీ వెనక్కి నెట్టి పంపేదాకా దాని చుట్టూ జరిగే పనులన్నిటికీ టైము చూసుకోవడం నా ఉద్యోగం. ఈ రెండు అంకెలతోనే నా రోజు గడుస్తుంది కాబట్టి అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పాలనిపించింది. దూరం కనుక్కోవడానికి ఇద్దరు రాజుల డబ్బు, ఒక పెద్దాయన చివరి ఏళ్ళు పట్టాయి. ఇక ఆ గంటా ఇరవై నిమిషాల్లో ఆకాశం వాటా జనం అనుకునేదానికంటే చాలా తక్కువ.

1783లో పారిస్ అబ్జర్వేటరీ పెద్ద సెజార్ ఫ్రాన్స్వా కసీని ఇంగ్లండ్ రాజు మూడో జార్జికి ఒక విన్నపం పంపాడు. గ్రీనిచ్ అబ్జర్వేటరీ సరిగ్గా ఎక్కడుందన్న దాని మీద లెక్కలు కుదరడం లేదు, అక్షాంశంలోనే 15 సెకన్ల తేడా కనిపిస్తోంది, రెండు దేశాలూ చెరో వైపు నుంచి నేలను కొలుచుకుంటూ వచ్చి ఇంగ్లిష్ ఛానెల్ మీదుగా రెండు అబ్జర్వేటరీలనూ కలుపుదాం అన్నది దాని సారాంశం. అక్షాంశంలో 15 సెకన్లంటే నేల మీద 460 మీటర్లకు పైమాటే. గ్రీనిచ్‌లో ఉన్న రాజఖగోళవేత్త నెవిల్ మాస్కెలిన్ మనసు కష్టపెట్టుకున్నాడు. ఆయన పట్టికలు చూసుకునే ఓడలు సముద్రాలు దాటుతున్న రోజులవి, ఆయన బాధ అర్థం చేసుకోదగ్గదే. అయినా రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్ ఆ కాగితాన్ని పక్కన పడేయలేదు. మేజర్ జనరల్ విలియం రాయ్ అనే సైనిక ఇంజనీరుకు పని అప్పజెప్పాడు. ఖర్చు రాజు పెట్టుకున్నాడు. అమెరికా యుద్ధంలో ఈ రెండు దేశాలూ ఎదురెదురుగా నిలబడి, ఆ ఏడాదే సంధి మీద సంతకాలు చేశాయి. సంతకాల సిరా ఆరకముందే కలిసి కొలుద్దామని ఒకరు అడగడం, ఇంకొకరు సరేననడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

దూరాలు కొలవడానికి అప్పుడున్న మంచి దారి త్రిభుజాలు. ఒక్క గీతను మాత్రం చేత్తో, అంగుళం తేడా రాకుండా కొలవాలి. ఆ తర్వాత దాని రెండు చివరల నుంచి దూరంగా కనబడే గుట్టనో చర్చి గోపురాన్నో చూసి కోణాలు పట్టుకుంటే మిగతా భుజాలు లెక్కలోనే వచ్చేస్తాయి. ఒక త్రిభుజం మీద ఇంకొకటి కట్టుకుంటూ ఎంత దూరమైనా పోవచ్చు. కాని మొదటి గీత తప్పితే అన్నీ తప్పుతాయి. దానికి చదునైన, విశాలమైన, లండన్‌కు దగ్గరగా ఉన్న నేల కావాలి. రాయ్‌కు హౌన్స్‌లో బీడు దొరికింది. దారిదోపిడీ దొంగలకు పేరుపడ్డ చోటది.

1784 వేసవిలో సైనికులు పొదలు నరికి బాట చేశారు. మొదట ఓడ స్తంభాలకు వాడే రీగా పైన్ కలపతో ఇరవై అడుగుల కడ్డీలు చేయించి కొలవబోయారు. ముసురు పట్టినప్పుడల్లా కర్ర ఉబ్బింది, ఎండ కాస్తే తగ్గింది. హౌన్స్‌లోలో కాపురముండే నాకు ఇది వింతేమీ కాదు. ఇక్కడ ఆగస్టులో కూడా ఒకే పూటలో రెండూ జరుగుతాయి. కర్ర పనికిరాదని తేలాక గాజు గొట్టాలు తెప్పించారు. ఒక్కొక్కటి ఇరవై అడుగుల పొడవు. వాటిని పెట్టెల్లో భద్రం చేసి, బల్లల మీద వరసగా పెడుతూ, ఒకదాని కొన మరోదానికి తాకించి, ప్రతిసారీ థర్మామీటర్ చూసి రాసుకుంటూ, బీడు పొడవునా జరిగారు. మూడో జార్జి స్వయంగా వచ్చి కొలత చూసి వెళ్ళాడు. చివరికి తేలింది 27,404 అడుగులు. ఏడేళ్ళ తర్వాత ఉక్కు గొలుసుతో మళ్ళీ కొలిస్తే వచ్చిన తేడా మూడు అంగుళాల లోపు. పొలం గట్టు దగ్గర సర్వేయరు గొలుసు పట్టుకుంటే చుట్టూ చేరి అంగుళం కోసం వాదించుకునే ఊళ్ళో పెరిగినవాణ్ణి. ఎనిమిది కిలోమీటర్లకు మూడు అంగుళాలంటే ఏమిటో నాకు చప్పున తెలుస్తుంది.

గీత అయిపోయినా కోణాలు పట్టే పరికరం రాలేదు. జెస్సీ రామ్స్‌డెన్ అంతటి పనివాడు యూరప్‌లో లేడు, అంతగా ఆలస్యం చేసేవాడూ లేడు. మూడడుగుల వ్యాసం, తొంభై కిలోల బరువు ఉన్న థియోడలైట్ చేసివ్వడానికి అతనికి మూడేళ్ళు పట్టింది. రాయ్ ఆ కోపాన్ని దాచుకోకుండా రాయల్ సొసైటీకి రాసిన వ్యాసంలోకే ఎక్కించాడు. 1787 సెప్టెంబరులో ఫ్రెంచి బృందం డోవర్‌కు వచ్చి కలిసింది. వాళ్ళలో కసీని కొడుకు, పియేర్ మెషేన్, గణితంలో పెద్ద పేరైన లెజాండ్ర్ ఉన్నారు. విన్నపం పంపిన కసీని అప్పటికే చనిపోయాడు. ఇటు డోవర్ కోట, ఫెయిర్‌లైట్ గుట్ట. అటు కలే చర్చి గోపురం, బ్లాంక్ నే కొండ, బులోన్ పక్కనున్న మోంలంబేర్, డంకర్క్. రాత్రిళ్ళు అనుకున్న టైముకు ఒక ఒడ్డున తెల్లటి మందుగుండు దీపం వెలిగిస్తే అవతలి ఒడ్డున దుర్భిణిలో చూసి కోణం రాసుకునేవాళ్ళు. పొగమంచు కమ్మితే ఆ రాత్రి పని అంతే. ఆ శరత్కాలంలోనే రెండు దేశాలూ త్రిభుజాలతో ముడిపడ్డాయి. రెండు అబ్జర్వేటరీల మధ్య సూర్యుడి లెక్కన సమయం తేడా 9 నిమిషాల 20 సెకన్లకు దగ్గరగా తేలింది. ఇప్పటి ఉపగ్రహాల లెక్క దాని పక్కన పెట్టినా ఒకటి రెండు సెకన్లే తేడా. రాయ్ 1790 జులై 1న చనిపోయాడు. చనిపోయేనాటికి ఆ నివేదిక ప్రూఫులు దిద్దుతున్నాడు. బీడు మీద చెక్కతో పెట్టిన గుర్తులు పాడైపోతున్నాయని ఫిరంగులు పాతించింది ఆ మరుసటి ఏడాది. విమానాశ్రయం కట్టేటప్పుడు ఉత్తరపు ఫిరంగిని తీసేసి, చాలా ఏళ్ళకు మళ్ళీ తెచ్చి పెట్టారు.

గాజు గొట్టాలతో కొలత ముగిసిన కొన్ని నెలలకే, 1785 జనవరి 7న, బ్లాంచార్డ్, జెఫ్రీస్ అనే ఇద్దరు డోవర్‌లో బెలూన్ ఎక్కి ఫ్రాన్స్‌లో దిగారు. దారిలో బెలూన్ కిందికి జారిపోతుంటే బరువు తగ్గించడానికి సామాన్లన్నీ, చివరికి ఒంటిమీది బట్టలు కూడా సముద్రంలో పడేశారు. రాయ్ లెక్క సముద్రం దాటకముందే మనుషులు గాల్లో దాటేశారన్నమాట.

రాయ్ పని మన నేలకూ చేరింది. టిప్పు సుల్తాను మీద యుద్ధంలో ఉన్న విలియం లాంబ్టన్ ఆ వ్యాసాలు చదువుకున్నవాడు. దక్షిణ భారతాన్ని అదే పద్ధతిలో కొలవాలని ఈస్టిండియా కంపెనీని ఒప్పించాడు. 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ మొదలుపెట్టినప్పుడు అతని చేతిలో ఉన్నది కూడా రామ్స్‌డెన్ చేసిన ఉక్కు గొలుసే. చైనా చక్రవర్తికి కానుకగా తీసుకెళ్తే ఆయన వద్దన్న గొలుసది. లండన్ నుంచి వస్తున్న పెద్ద థియోడలైట్‌ను ఫ్రెంచివాళ్ళు ఓడతో సహా పట్టుకుని మారిషస్ తీసుకెళ్ళారు. అదేం పనికో తెలిశాక మర్యాదగా మద్రాసు పంపించేశారు. 1811లో లాంబ్టన్ మా గుత్తి దగ్గర కూడా ఒక ఆధార రేఖ కొలిచాడు. గుత్తి కోట చూసి పెరిగిన నాకు ఈ సంగతి హౌన్స్‌లో లైబ్రరీలో తెలిసింది. ఆ రోజు ఇంటికెళ్ళి ఇంట్లో అందరికీ చెప్పాను.

మళ్ళీ బీడు దగ్గరికి వస్తాను. మొదటి ప్రపంచ యుద్ధంలో హౌన్స్‌లో బీడు సైనిక విమానాల మైదానమైంది. యుద్ధం అయ్యాక కస్టమ్స్ వాళ్ళను అక్కడ కూర్చోబెట్టారు. 1919 ఆగస్టు 25 ఉదయం 9 గంటల 10 నిమిషాలకు, యుద్ధంలో బాంబులు మోసిన డీహెచ్4 రకాన్ని మార్చి చేసిన విమానం ఒకటి అక్కడ లేచింది. నడిపినవాడు లాఫర్డ్. కంపెనీ పేరు ఎయిర్‌క్రాఫ్ట్ ట్రాన్స్‌పోర్ట్ అండ్ ట్రావెల్. లోపల ఒక్కడే ప్రయాణికుడు, పత్రికా విలేకరి. అతనికి తోడు తోలు, వేటపిట్టలు, డెవన్‌షైర్ మీగడ జాడీలు. పారిస్ బయట లెబూర్జేలో 11 గంటల 40 నిమిషాలకు దిగింది. రెండున్నర గంటలు. టికెట్ 21 పౌన్లు. ప్రపంచంలో రోజువారీగా నడిచిన మొదటి అంతర్జాతీయ విమాన సర్వీసు ఇదే. అదే పూట పారిస్ వెళ్ళినవి ఇంకా ఉన్నాయి కనుక అసలు మొదటిదేదని చరిత్రకారులు వాదించుకుంటారు. నాకా వాదన మీద ఆసక్తి లేదు. దూరాన్ని ఏ బీడు మీద కొలవడం మొదలుపెట్టారో, మనుషులను టైము ప్రకారం దాటించడం కూడా అదే బీడు మీద మొదలుకావడం నాకు ముఖ్యం. ఇప్పుడక్కడ గడ్డి, పొదలు, పిట్టలు, కుక్కలతో నడకకొచ్చే మనుషులు. మా వీధి తెలుగువాళ్ళు కొందరు ఆదివారం పొద్దున వాకింగ్‌కు పోతారు.

ఏడాది తిరక్కముందే, 1920 మార్చి చివర్లో, విమానాలు క్రాయిడన్‌కు మారాయి. ఫ్రెంచి ప్రభుత్వం తన కంపెనీలకు డబ్బిస్తుంటే తట్టుకోలేక 1921 ఫిబ్రవరి చివరికి బ్రిటిష్ కంపెనీలన్నీ చేతులెత్తేశాయి. మార్చిలో సర్కారు సాయం ప్రకటించాక తిరిగి లేచాయి. అప్పటి పైలట్లకు దారి చూపేది నేలే. రైలు పట్టాలు, తారు రోడ్లు చూసుకుంటూ పోయేవాళ్ళు. అందరూ అవే పట్టాలు చూసుకునేవాళ్ళు. 1922 ఏప్రిల్ 7న పారిస్‌కు ఉత్తరాన పికార్డీ మీద, మసక వాతావరణంలో, క్రాయిడన్ నుంచి టపా తెస్తున్న డీహెచ్18, పారిస్ నుంచి ముగ్గురు ప్రయాణికులతో వస్తున్న ఫార్మన్ గోలియత్ ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఏడుగురు పోయారు. రెండు ప్రయాణికుల విమానాలు గాల్లో ఢీకొనడం అదే మొదటిసారి. బ్రిటిష్ విమానంలో పైలట్ కాక ఉన్నది పరిచారకుడిగా పనిచేసే ఒక కుర్రాడే. ఆ తర్వాతే దారుల మీద ఎవరి కుడి పక్కన వాళ్ళు పోవాలని కట్టడి చేశారు. విమానానికి రోడ్డు లాంటి దారి ఉండాలనే ఆలోచన ఈ చావులతోనే బలపడింది. ఇవాళ మా విమానాలు రెండు పాయింట్ల మధ్య నేరుగా గీసిన గీత మీద పోవు. ఆ 344 కిలోమీటర్లు టికెట్ కొన్నవాడెవడూ ప్రయాణించడు.

ఇరవైల్లో, ముప్పైల్లో వేగం పెద్దగా పెరగలేదు. 1927లో భోజనం వడ్డించే సిల్వర్ వింగ్ సర్వీసు వచ్చింది, 1931లో నాలుగు ఇంజన్ల హాండ్లీ పేజ్ విమానాలు వచ్చాయి, పారిస్‌కు టైము మాత్రం రెండు గంటల పైనే. రైలు, ఓడ, మళ్ళీ రైలు ఎక్కి పోతే ఏడు గంటలకు అటూ ఇటుగా పట్టేది కాబట్టి జనం ఆనందంగానే ఎక్కారు.

పెద్ద మార్పు 1950 జులై 29న వచ్చింది. లండన్‌కు పడమరనున్న నార్తోల్ట్ నుంచి లెబూర్జేకు వికర్స్ వైకౌంట్ వెళ్ళింది. టర్బైన్ ఇంజన్‌తో టికెట్ ప్రయాణికులను తీసుకెళ్ళిన మొదటి విమానమది. కెప్టెన్ రిచర్డ్ రైమర్. డబ్బు కట్టినవాళ్ళు 14 మంది, మిగతావాళ్ళు అతిథులు. 57 నిమిషాల్లో దిగింది.

ఈ 57 నిమిషాల దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. ఇప్పటి జెట్ దానికి ఒకటిన్నర రెట్లకు పైగా వేగంగా పోతుంది. మరి టైమ్‌టేబుల్లో గంటా ఇరవై ఎందుకుంది? ఈ ప్రశ్నకు 1959లో ఒక సైనికుడు పరుగెత్తి జవాబు చెప్పాడు. లూయీ బ్లేరియో విమానంలో ఛానెల్ దాటి యాభై ఏళ్ళయిన సందర్భంగా డైలీ మెయిల్ పత్రిక లండన్ మార్బుల్ ఆర్చ్ నుంచి పారిస్ ఆర్క్ ద త్రియోంఫ్‌కు పోటీ పెట్టింది. ఎలాగైనా పోవచ్చు, ఎవరు తొందరగా చేరితే వాళ్ళదే బహుమతి. వైమానిక దళం స్క్వాడ్రన్ లీడర్ చార్లెస్ మాన్ మోటార్ సైకిల్, హెలికాప్టర్, హంటర్ జెట్, మళ్ళీ హెలికాప్టర్, మళ్ళీ మోటార్ సైకిల్ మీద 40 నిమిషాల 44 సెకన్లలో చేరాడు. ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకు. అరవై ఏళ్ళు దాటినా ఈ దారిలో ఏ టికెట్టూ మనల్ని అంత త్వరగా చేర్చదు. అతని కోసం ప్రతి మలుపులో ఇంకో బండి ఇంజన్ నడుస్తూ సిద్ధంగా ఉంది. మామూలు ప్రయాణికుడికి ప్రతి మలుపులో వరస ఉంది.

మా లెక్కలో బ్లాక్ టైమ్ అంటాం. చక్రాల కింది అడ్డుకట్టలు తీసినప్పుడు గడియారం మొదలు, అవతల మళ్ళీ అడ్డుకట్టలు వేసినప్పుడు ఆగుతుంది. ఎనిమిది గంటల పారిస్ విమానం అనుకోండి. గేటు మూసేశాక ఒకాయన రాలేదని తెలుస్తుంది. ఆయన పెట్టె మాత్రం విమానం కడుపులో ఉంది. మనిషి లేని పెట్టెను పంపం. లోడర్లు మళ్ళీ తలుపు తెరిచి, చీటీల నంబర్లు చూసుకుంటూ, చేతి టార్చితో దాన్ని వెతుకుతారు. ఈలోపు బ్రస్సెల్స్‌లోని యూరోకంట్రోల్ ఇచ్చిన టేకాఫ్ టైము దగ్గరపడుతుంది. ఆ టైముకు ఐదు నిమిషాలు ముందు, పది నిమిషాలు వెనక, అంతవరకే అనుమతి. దాటితే కొత్త టైము కోసం మళ్ళీ వరసలో నిలబడాలి. పెట్టె దొరికి, బరువుల కాగితం దిద్ది, కెప్టెన్ సంతకం పెట్టి, ట్రాక్టర్ వెనక్కి నెట్టాక కూడా రన్‌వే చేరేసరికి పావుగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. హీత్రూకు ఉన్నవి రెండే రన్‌వేలు. రోజుకు దాదాపు 1,300 విమానాలు వాటి మీదే లేవాలి, దిగాలి. గాల్లో ఉండేది 45, 50 నిమిషాలు. పారిస్‌లో దిగాక మళ్ళీ నేల మీద నడక. తిరిగొచ్చేవి తరచుగా లండన్ ఆగ్నేయాన బిగిన్ మీద, వెయ్యి అడుగుల ఎడంతో ఒకదాని పైన ఒకటి, గుండ్రంగా తిరుగుతూ పిలుపు కోసం చూస్తాయి. రైమర్ రోజుల్లో నార్తోల్ట్‌లో ఇంత రద్దీ లేదు. ఈ పనంతా తెలిసినవాడిగా చెబుతాను, ఆలస్యమైన విమానాన్ని చూసి జనం ఆకాశాన్ని తిడతారు. ముందు ఆ టార్చి పట్టుకున్న లోడరుకు దణ్ణం పెట్టాలి.

రైలు ఈ నేల సంగతిని బాగా వాడుకుంది. ఛానెల్ కింద సొరంగం తవ్వుతూ 1990 డిసెంబరు 1న రెండు వైపుల పనివాళ్ళు కలిసినప్పుడు అడ్డంగా వచ్చిన తేడా 358 మిల్లీమీటర్లు. రాయ్, మెషేన్ దీపాలు వెలిగించి కలిపిన ఒడ్లే అవి. 1994 నవంబరు 14న యూరోస్టార్ మూడు గంటల ప్రయాణంతో మొదలైంది. 2007లో సెయింట్ పాంక్రాస్‌కు మారాక రెండుంపావు గంటలైంది. విమానం కంటే గంట ఎక్కువ, పట్టాల మీద 492 కిలోమీటర్లు, అయినా ఊరి మధ్యలో ఎక్కి ఊరి మధ్యలో దిగడం కనుక చాలామంది రైలుకే వెళ్ళిపోయారు. పారిస్ పోవాలంటే నేనూ రైలే ఎక్కుతాను.

మొన్న గుత్తి నుంచి మా అక్క వచ్చింది. పారిస్ చూసి విమానంలో తిరిగి రావడానికి టికెట్ తీశాను. కాగితం చూసి, "ఏమిరా, పారిస్‌లో ఎనిమిదికి లేస్తే ఎనిమిదీ ఇరవైకే లండన్‌లో దింపేస్తారా?" అంది. "లేదక్కా, ఆ టైము పారిస్‌ది, ఈ టైము లండన్‌ది, గంట తేడా ఉంది" అన్నాను. "ఇంత దగ్గరి ఊళ్ళకు గంట తేడా ఏందిరా?" అంది. మంచి ప్రశ్న. సూర్యుణ్ణి అడిగితే తేడా రాయ్ చెప్పినట్టు 9 నిమిషాల చిల్లరే. ఫ్రాన్స్ చాలాకాలం ఆ లెక్కనే పాటించింది. 1911 మార్చిలో చట్టం చేసి, గ్రీనిచ్ పేరు ఎక్కడా ఎత్తకుండా, పారిస్ సమయాన్ని 9 నిమిషాల 21 సెకన్లు వెనక్కి జరిపింది. ఆ రోజు నుంచి రెండు ఊళ్ళ గడియారాలూ కలిశాయి. లాఫర్డ్ 9:10కి లేచి 11:40కి దిగినప్పుడు చేతి గడియారం తిప్పుకోనక్కర లేకపోయింది. 1940 జూన్‌లో పారిస్‌ను పట్టుకున్న జర్మన్ సైన్యం బెర్లిన్ సమయం పెట్టించింది. యుద్ధం అయ్యాక ఫ్రాన్స్ పాత సమయానికి తిరిగి పోలేదు, ఇప్పటికీ అదే పాటిస్తోంది. అక్క ఇదంతా విని, "అయితే పారిస్‌లో పొద్దు ఆలస్యంగా గుంకుతుందన్న మాట" అంది. జూన్‌లో పదింటికి గాని గుంకదు.